పని సర్కారుది, పరిహారం ఎవరిది?

అచ్యుతాపురం చుట్టుపక్కల ఊళ్ల నుంచి కట్టుబడి పనికి పోయే కూలీని ఎవరి దగ్గర పని చేస్తున్నావని అడిగితే మేస్త్రి పేరు చెబుతాడు. మేస్త్రిని అడిగితే సబ్ కాంట్రాక్టరు పేరు, అతన్ని అడిగితే కాంట్రాక్టరు పేరు బయటికి వస్తాయి. ఆ కాంట్రాక్టరుకు పని అప్పగించింది రోడ్ల శాఖో, పంచాయతీరాజ్ శాఖో, కేంద్ర ప్రభుత్వ సంస్థో అయి ఉంటుంది. పని సాఫీగా సాగినంత కాలం ఈ వరుస ఎవరికీ పట్టదు. సెంట్రింగు మీది నుంచి కూలీ జారిపడిన నాడు మాత్రం ఒకరి వైపు ఒకరు వేలు చూపిస్తారు. ఆసుపత్రి ఖర్చులకని కొంత సొమ్ము చేతిలో పెట్టి, కాగితం మీద వేలిముద్ర వేయించుకుని వ్యవహారం ముగించడం చాలా చోట్ల పరిపాటి అయిపోయింది.

ఈ విషయంలో చట్టం మాత్రం గజిబిజిగా లేదు. పనిని కాంట్రాక్టుకు ఇచ్చినా, గాయపడిన కూలీకి పరిహారం చెల్లించే బాధ్యత పని ఇచ్చిన అసలు యజమానికి తప్పదని 1923 నాటి పరిహార చట్టం 12వ సెక్షన్‌లోనే ఉంది. చెల్లించిన సొమ్మును ఆ తర్వాత కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవచ్చు. సర్కారుది వ్యాపారం కాదు గదా అని తప్పించుకునేందుకూ వీలు లేదు. ప్రభుత్వ శాఖలు, స్థానిక సంస్థలు నిర్వర్తించే విధులను వాటి వ్యాపారంగానే భావించాలని ఆ చట్టమే చెప్పింది. 2025 నవంబరు 21న దాని స్థానంలో సామాజిక భద్రత స్మృతి అమలులోకి వచ్చింది. పేరు మారినా, పని ఇచ్చినవారి బాధ్యత అందులోనూ నిలిచే ఉంది.

కార్మికుల భద్రత బాధ్యత అంతా కాంట్రాక్టరుదేనని ఒప్పందంలో రాసుకున్నామని అధికారులు అనవచ్చు. ఆ ఒప్పందం శాఖకూ కాంట్రాక్టరుకూ మధ్యది. అందులో కూలీ సంతకం లేదు. కాంట్రాక్టరు డిపాజిట్టూ, చెల్లించవలసిన బిల్లులూ శాఖ చేతిలోనే ఉంటాయి. రాబట్టుకోగల శక్తి ఉన్న శాఖ పక్కకు తప్పుకుని, కాలు విరిగిన కూలీని కాంట్రాక్టరు వెంట తిరగమనడం ఏ విధంగానూ న్యాయం కాదు.

యజమాని తప్పు చేశాడని కూలీ రుజువు చేయనక్కర లేదు. పనిలో ఉండగా, పని కారణంగా ప్రమాదం జరిగిందని చూపితే చాలు. తాగి వచ్చాడనో, చెప్పిన మాట వినలేదనో సాకులు చెప్పడం మామూలే. మరణం గాని, శాశ్వతంగా పూర్తి అంగవైకల్యం గాని సంభవించినప్పుడు ఆ సాకులు చెల్లవు. హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న కాగితమూ చెల్లదు.

సొమ్ము ఎంత అన్నదానికీ లెక్క ఉంది. మరణిస్తే నెల వేతనంలో సగాన్ని, శాశ్వతంగా ఏ పనీ చేయలేని స్థితి వస్తే నూటికి అరవై వంతులను, వయస్సును బట్టి నిర్ణయించిన అంకెతో హెచ్చిస్తారు. 2020 జనవరిలో కేంద్రం ఈ లెక్కకు వేతన పరిమితిని 15,000 రూపాయలుగా నిర్ణయించింది. ఆ ప్రకారం 30 ఏళ్ల కూలీ చనిపోతే 7,500ను 207.98తో హెచ్చించగా 15,59,850 రూపాయలు వస్తుంది. తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుని పది, ఇరవై వేలు చేతిలో పెట్టినప్పుడు ఆ కుటుంబం ఎంత పోగొట్టుకుంటున్నదో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

పెద్ద ప్రమాదాలు జరిగినప్పుడు ప్రభుత్వాలు స్పందించకపోలేదు. 2020 ఆగస్టు 1న విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో క్రేను కూలి 11 మంది మరణించారు. వారిలో కాంట్రాక్టు సంస్థల కార్మికులూ ఉన్నారు. అప్పుడు కుటుంబానికి 50 లక్షల చొప్పున ప్రకటించారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఫార్మా కర్మాగారంలో పేలుడు 17 మందిని బలిగొన్నప్పుడు కోటి రూపాయల చొప్పున ప్రకటించారు. ఆ ఆదుకోవడం హర్షించవలసిందే. అయితే పదిమంది చనిపోతే మంత్రులు వస్తారు, ఒక్కడు చనిపోతే మేస్త్రి కూడా రాడు. ప్రకటించే సాయం దయ మీద ఆధారపడింది. చట్టప్రకారం రావలసిన పరిహారం హక్కు. మరణం ఒక్కటైనా పదైనా ఆ హక్కు ఒకటే.

రానున్న రోజుల్లో ఈ ప్రాంతంలో పనులు ఇంకా పెరుగుతాయి. పూడిమడక వద్ద ఎన్.టి.పి.సి. వారి హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. ఇటువంటి పనులకు దూర రాష్ట్రాల నుంచీ కూలీలు వస్తారు. 2025 ఫిబ్రవరి 22న తెలంగాణలో ప్రభుత్వ పథకమైన శ్రీశైలం ఎడమగట్టు సొరంగం కూలినప్పుడు లోపల చిక్కుకున్న ఎనిమిది మందీ జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకాశ్మీర్‌ల నుంచి వచ్చినవారే. రెండు నెలలు వెతికినా ఇద్దరి మృతదేహాలే దొరికాయి. అంత దూరం నుంచి వచ్చిన మనిషి భార్య ఏ ఆఫీసు గుమ్మం ఎక్కగలదు?

అందుచేత ప్రమాదం జరగక ముందే చేయవలసినవి కొన్ని ఉన్నాయి. పని ఇచ్చిన శాఖ పేరు, కాంట్రాక్టరు పేరు, బాధ్యుడైన ఇంజినీరు ఫోను నంబరు పనిస్థలంలో తెలుగులో, హిందీలో బోర్డు మీద రాయించాలి. కూలీలందరి పేర్లూ మస్టరులో ఉన్నాయని, బీమా చేయించారని చూసిన తర్వాతే మొదటి బిల్లు చెల్లించాలి. ప్రభుత్వ కట్టడాలకూ నూటికి కనీసం ఒక రూపాయి చొప్పున కార్మిక సంక్షేమ సెస్సు వర్తిస్తుంది. అంటే కోటి రూపాయల పనికి లక్ష రూపాయలు. ఏడాదిలో 90 రోజులు పనిచేసిన, 18 నుంచి 60 ఏళ్ల లోపు నిర్మాణ కూలీలు సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకోవచ్చు. నమోదు లేనివానికి ఆ నిధి ఉండీ లేనట్టే.

కూలీల కుటుంబాలూ మెలకువగా ఉండాలి. ప్రమాదం జరిగిన రోజే పోలీసులకు ఫిర్యాదు చేయాలి. ఆసుపత్రి చీటీలో 'పనిస్థలంలో పడ్డాడు' అని రాయించాలి. చదివించుకోకుండా దేనిమీదా వేలిముద్ర వేయరాదు. కాలయాపన చేయక కార్మిక శాఖ అధికారికి దరఖాస్తు పెట్టాలి. అందులో కాంట్రాక్టరుతో పాటు పని ఇచ్చిన శాఖనూ ప్రతివాదిగా చేర్చాలి. పంచాయతీ పెద్దలు, చదువుకున్న యువకులు ఈ పనిలో వారికి తోడు నిలవాలి.

రోడ్డు పూర్తయితే శిలాఫలకం మీద శాఖ పేరు, నాయకుల పేర్లు పెద్ద అక్షరాలతో చెక్కుతారు. ఆ రోడ్డు వేస్తూ నడుము విరిగిన కూలీ దరఖాస్తు మీదా అదే శాఖ తన పేరు రాసుకోవలసి ఉంది. జిల్లా అధికారులు ఈ విషయమై వెంటనే శ్రద్ధ వహించవలసిన అవసరం ఎంతైనా ఉంది.