రోడ్డేస్తున్నారా... గుమ్మం చూసుకోండి!

వానలు వెనకబడ్డాయంటే చాలు, ఊళ్లో రెండు పనులు మొదలవుతాయి. ఇళ్లకు రంగులు, రోడ్లకు తారు. రంగుల గురించి ఇంట్లో నెల ముందే చర్చ మొదలవుతుంది. రోడ్డు సంగతి మాత్రం పొద్దున్నే రోలరు చప్పుడు వినిపించేదాకా ఎవరికీ పట్టదు. నిజానికి ముందు పట్టించుకోవాల్సింది దాన్నే. రంగు నచ్చకపోతే మళ్లీ వేయించుకోవచ్చు. గుమ్మం ముందు పెరిగిన రోడ్డును మనం తవ్వుకోలేం కదా!

తారుకు నీళ్లంటే గిట్టదు. కంకరకూ తారుకూ మధ్య తడి చేరితే రెండూ విడిపోతాయి. బండ్లు తిరిగేకొద్దీ రాయి లేచి గుంత పడుతుంది. అందుకే నేల తడిగా ఉన్నా, వాన వచ్చేలా ఉన్నా తారు పని ఆపేయాలని కేంద్ర రోడ్డు రవాణా శాఖ ప్రమాణాలు చెబుతున్నాయి. తెలంగాణలో నైరుతి వానలు తగ్గాక, అక్టోబరు నుంచి ఈ పనులు ఊపందుకుంటాయి. నెల్లూరు వైపు అలా కుదరదు. అక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. సంక్రాంతి దాటాకే వాళ్లకు ధీమా. ఏ ఊళ్లోనైనా సరే, చినుకులు పడుతుండగా హడావుడిగా తారు పోస్తుంటే అడగండి. తప్పేం లేదు.

ముందుగా పాత రోడ్డును శుభ్రంగా ఊడ్చి, గుంతలు పూడుస్తారు. తర్వాత గోధుమరంగు ద్రవం ఒకటి చల్లుతారు. అది నీళ్లు కలిసిన తారు. పాత పొరకూ కొత్త పొరకూ జిగురులా పనిచేస్తుంది. నీరు పోయి అది నల్లబడేదాకా ఆగాలి. ఈలోపు అటూ ఇటూ తిరిగితే రోడ్డూ పాడవుతుంది, చెప్పుల వెంట తారు నట్టింట్లోకీ వస్తుంది.

ఆపైన వేడి మిశ్రమం లారీలో వస్తుంది. మామూలుగా వాడే తారు రకానికి ప్లాంటులో వేడి 150 నుంచి 165 డిగ్రీలు ఉండాలి. పరిచేటప్పటికి 140కి తగ్గకూడదు. 90కి దిగేలోపు రోలరు పని పూర్తవ్వాలి. చల్లారిన ఉప్మా ముద్ద కట్టినట్టే ఇదీ బిగుసుకుపోతుంది. కాబట్టి సందులో అడ్డంగా బండి పెట్టి లారీని గంటసేపు ఆపితే నష్టం మన రోడ్డుకే. కారు తీయకపోతే కొందరు దాని చుట్టూ తారు పరిచి వెళ్లిపోతారు. కారు కింద పాత గుంత అలాగే మిగులుతుంది!

పిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి. వేడి తారు ఒంటి మీద పడితే పీకే ప్రయత్నం చేయొద్దు, చర్మం కూడా ఊడొస్తుంది. చల్లటి నీళ్లు ధారగా పోస్తూ చల్లార్చి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక అసలు సంగతి, ఎత్తు. పై పొర ఒక్కోసారి 30 నుంచి 40 మిల్లీమీటర్లు ఉంటుంది. పాతది తీయకుండా 40 మిల్లీమీటర్ల చొప్పున అయిదుసార్లు వేస్తే 20 సెంటీమీటర్లు. అంటే ఇంటి ముందు ఒక మెట్టు మునిగినట్టే. స్తోమత ఉన్నవాళ్లు గుమ్మం ఎత్తు చేయించుకుంటారు, ర్యాంపు పోయించుకుంటారు. లేనివాళ్ల ఇంట్లోకి వీధి నీళ్లన్నీ చేరతాయి. వానాకాలం రాత్రి మంచాల మీద కూర్చుని తెల్లవార్చే కుటుంబాలు అలాంటి పల్లపు ఇళ్లవే. పాత పొరను గీకి తీసే మిల్లింగ్ యంత్రాలున్నాయి. రోడ్డు ఎత్తు పెరగకుండా దాన్ని వాడమని పని మొదలవకముందే వీధంతా కలిసి అడగాలి. తారు పడ్డాక అడిగి లాభం లేదు.

మ్యాన్‌హోళ్లనూ గమనించండి. మూతల్ని కొత్త రోడ్డు మట్టానికి లేపాలి. కిందే ఉండిపోతే రాత్రిపూట స్కూటరు పడుతుంది. తారు కింద కప్పేస్తే, రేపు మురుగు అడ్డుపడినప్పుడు మూత ఎక్కడుందో తెలియక కొత్త రోడ్డునే తవ్వాలి. కుళాయి, డ్రైనేజీ, కేబుల్... ఏ పనులున్నా ముందే చేయించుకోండి. తర్వాత తవ్విన చోట ఎంత బాగా పూడ్చినా అతుకు అతుకే. నీళ్లు దిగడానికి అదే దారి.

రోడ్డు పూర్తయ్యాక కొన్నిచోట్ల పైన సన్నటి రాతిపొడి మిగులుతుంది. నాలుగు రోజులు బండి నెమ్మదిగా నడపండి, బ్రేకు గట్టిగా వేస్తే జారుతుంది. కొత్త రోడ్డు నున్నగా ఉంటుంది కాబట్టి కుర్రాళ్లు వేగం పెంచుతారు. ఇంట్లో పెద్దవాళ్లనూ పిల్లలనూ రోడ్డు దాటేటప్పుడు జాగ్రత్త అని హెచ్చరించండి.

మరొక మాట. రోడ్డు వేశాక కొంతకాలం దాకా మరమ్మతు బాధ్యత కాంట్రాక్టరుదే. ఎంతకాలమన్నది ఒప్పందంలో ఉంటుంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఆ కాగితాలే కాదు, పనిని పరిశీలించే హక్కు, వాడిన సామగ్రి నమూనాలు తీసుకునే హక్కు కూడా మనకున్నాయి. రోడ్డు వేసిన రోజు తేదీ రాసి ఉంచుకోండి, నాలుగు ఫొటోలు తీయండి.

ఈ ఆదివారం వీలుంటే ఇరుగుపొరుగు కలిసి వీధి చివరిదాకా ఓసారి నడిచి రండి. మ్యాన్‌హోళ్లు ఎన్ని, నీళ్లెక్కడ నిలుస్తున్నాయి, ఎవరి గుమ్మం అందరికన్నా కింద ఉంది... ఒక కాగితం మీద రాసుకోండి. రోలరు వచ్చిన రోజు ఇంజనీరు చేతిలో పెట్టాల్సింది ఆ కాగితమే.