ముంతకు వెలి, సీసాకు పట్టం

కల్లు గురించి రాయబోతున్నాను. ముక్కు మూసుకోదలచిన పెద్దమనుషులు ఇప్పుడే మూసుకోవచ్చు. మూసుకున్న ముక్కుతోనైనా సరే, చివరిదాకా చదవమని మాత్రం నా మనవి. ఇది తాగుడును పొగిడే వ్యాసం కాదు. మా ముదినేపల్లి వంటి ఒక డెల్టా ఊరు తన గట్టు మీది చెట్టులో పుట్టి, తన మనిషి చేతిమీదుగా దిగిన పానీయాన్ని నీచమని తోసేసి, ఎక్కడో కర్మాగారంలో రంగు కలిపిన స్పిరిటును సీసాలో పోస్తే దానికి మాత్రం ఎలా పట్టం కట్టిందో చెప్పే ప్రయత్నం.

కొన్నేళ్ళుగా మన చదువుకున్న కుర్రకారు నోట ‘క్రాఫ్ట్ బీరు’ అనే మాట తరచుగా వినబడుతోంది. బెంగుళూరులో 2010 ప్రాంతం నుంచీ, హైదరాబాదులో మరికొన్నేళ్ళ తరువాతా, అక్కడికక్కడే కాచి అక్కడికక్కడే పోసే చిన్న బీరుశాలలు వెలిశాయి. అమెరికాలోనైతే డెలీ అని పిలిచే వీధిమూల కొట్లలో కూడా ఈ సరుకు దొరుకుతుంది. అటువంటి కొట్టొకటి నేనూ చూశాను. ఒకవైపు రొట్టెలు, చీజు, కోసి తూచి ఇచ్చే మాంసం. మరోవైపు గోడ పొడుగునా చుట్టుపక్కల ఊళ్ళలో కాచిన బీర్లు. ఏ సీసా ఎవరు కాచారో, ఎక్కడ కాచారో, అందులో ఏ ధాన్యం పడిందో దాని మీదే రాసి ఉంది. ఏ మాంసానికి ఏది నప్పుతుందో కొట్టువాడు ఓపికగా చెబుతున్నాడు. పిల్లని చంకనేసుకున్న తల్లి రొట్టె కొనుక్కుంటూ అక్కడే నిలబడి ఉంది. ఎవరూ తలకాయ దించుకోలేదు, ఎవరూ చంకలో దాచుకోలేదు. నాకు నచ్చింది బీరు కన్నా ఆ నిర్భయం.

ఆ కొట్లను చూసి మురిసిపోయే మనవాళ్ళను ఒక్కటే అడుగుతాను. క్రాఫ్ట్ బీరుకు మీరు చెప్పే లక్షణాలేమిటి? కొద్దికొద్దిగా తయారు కావాలి. తయారుచేసినవాడెవరో తెలియాలి. ఆ నేల రుచి అందులో ఉండాలి. తాజాగా తాగాలి. నిన్నటి రుచి ఇవాళ కొంచెం మారినా దాన్ని తప్పుగా కాక గుణంగా ఎంచాలి. అంతేనా? అయ్యా, మీరు వర్ణించింది తాటికల్లును!

బ్రస్సెల్స్ నగరం చుట్టుపక్కల లాంబిక్ అనే బీరు కాస్తారు. అందులో ఈస్టును విడిగా కలపరు. కాచిన ధాన్యపు రసాన్ని వెడల్పాటి తొట్లలో చలికాలపు రాత్రి ఆరుబయటి గాలికి చల్లారనిస్తారు. ఆ ఊరి గాలిలోని సూక్ష్మజీవులే వచ్చి దాన్ని పులియబెడతాయి. లోకమంతటా రసికులు దీనికి జోహార్లు అర్పిస్తారు. బెల్జియం బీరు సంస్కృతిని 2016లో యునెస్కో మానవజాతి వారసత్వ జాబితాలో కూడా చేర్చింది. మరి మన చెట్టు మీద జరిగేదేమిటి? గెల కొసను రోజూ పలుచగా చెక్కి, కింద ముంత కడతారు. చుక్క చుక్కగా దిగే తియ్యని రసాన్ని గాలిలోనూ ముంతలోనూ ఉన్న ఈస్టులే పులియబెడతాయి. ముంత లోపల సున్నం పూస్తే పులవదు, నీరా అవుతుంది. పూయకపోతే కల్లవుతుంది. పొద్దున తీపి, మధ్యాహ్నానికి కాస్త ఘాటు, సాయంత్రానికి పులుపు. అదే పని బ్రస్సెల్స్ గాలి చేస్తే వారసత్వం, ముదినేపల్లి గాలి చేస్తే నాటుతనమా?

మా ముదినేపల్లి గుడివాడకూ కైకలూరుకూ నడుమ ఉంటుంది. 2022లో జిల్లాల గీతలు మార్చి ఏలూరు జిల్లాలో కలిపారు గానీ, తిండీ మాటా కృష్ణా డెల్టావే. ఒకప్పుడు ఇక్కడ కల్లుపాక అంటే తాటాకు కప్పు, మట్టినేల, నాలుగు బల్లలు, పక్కన ఒక పొయ్యి. ఆ పొయ్యి మీద కాలవ చేపల ఇగురో, వేయించిన చిన్న రొయ్యలో, ఉడికిన శనగలో ఉండేవి. ఎండాకాలంలో గీసినవాడే అమ్మేవాడు. ఎవరి చెట్టు తియ్యగా పారుతుందో, ఎవరిది త్వరగా పులుస్తుందో తాగేవాళ్ళకు తెలుసు. డెలీలో కొట్టువాడు చెప్పే తారతమ్యాలు మా పాకలో నిరక్షరాస్యులు కూడా చెప్పగలిగేవారు. ఇది రుచి గురించిన జ్ఞానం కాక మరేమిటి?

ఇప్పుడేముంది? కటకటాల వెనక కౌంటరు. వేలు చూపించి, డబ్బులిచ్చి, ‘వైన్ షాపు’ నుంచి క్వార్టరు తీసుకోవడం. పేరుకే వైను, లోపల ద్రాక్షసారా దొరకడం అరుదు! ప్లాస్టిక్ గ్లాసు, నీళ్ళ ప్యాకెట్టు, మిక్చరు పొట్లం పట్టుకుని చేపలచెరువు గట్టుకో, కాలవ తూము మీదికో నడవడం. ఆడవాళ్ళు ఆ దారి వదిలి వేరే దారిన పోవడం. చుట్టూ ఉన్న చెరువుల్లో పెరిగిన బొచ్చెలూ శీలావతులూ ఐసులో పడుకుని లారీలెక్కి కలకత్తాకూ అస్సాముకూ పోతుంటాయి. తాగేవాడికి మాత్రం నంజుకోవడానికి కారప్పూస. చేపలు పండే ఊళ్ళో చేపముక్కతో కూర్చుని ఇంత తాగే మర్యాదైన చోటు లేకపోవడం కన్నా విడ్డూరం ఉంటుందా?

ఆ సీసాలో ఉన్నదాని చట్టబద్ధమైన పేరు ‘ఇండియాలో తయారైన విదేశీ మద్యం’. పేరులోనే అబద్ధముంది. చవక రకాల్లో అత్యధికం చక్కెర మిల్లుల మొలాసిస్ నుంచి తీసిన స్పిరిటుకు రంగూ వాసనా అద్దినవే. అందులో ఆల్కహాలు 42.8 శాతం. కల్లులో నాలుగైదు శాతం. లెక్క వేసి చూడండి: 180 మిల్లీలీటర్ల క్వార్టరులో సుమారు 77 మిల్లీలీటర్ల ఆల్కహాలుంటుంది. కల్లు ద్వారా అంత ఆల్కహాలు లోపలికి పోవాలంటే లీటరున్నర దాటి తాగాలి. క్వార్టరుకు అంత కడుపు అవసరం లేదు, నాలుగు గుక్కలు చాలు.

మరి సర్కారు సీసానే ఎందుకు ప్రేమిస్తుంది? కారణం నీతి కాదు, రవాణా. కల్లు ప్రయాణం చెయ్యలేదు. దిగిన గంట నుంచీ పులుస్తూనే ఉంటుంది, మర్నాటికి పుల్లనీళ్ళవుతుంది. గోదాములో పెట్టలేరు, మూత బిగించి హోలోగ్రాము అంటించలేరు. ప్రయాణం చెయ్యలేనిది పెద్ద పన్నుకు లొంగదు. సీసా అలా కాదు, ఎన్నేళ్ళైనా నిలవుంటుంది, ప్రతి మజిలీలోనూ రూపాయి రాలుస్తుంది. కల్లులో మనం లోపమనుకునే గుణమే, అంటే దాని స్థానికతే, ఖజానా దృష్టిలో దాని నేరం.

గత ముప్ఫయి ఏళ్ళ చరిత్ర చూడండి. 1993లో సారా నిషేధం. 1995 జనవరిలో ఎన్టీఆర్ మద్య నిషేధం. 1997లో దాని సడలింపు. 2019 అక్టోబరు నుంచి ప్రభుత్వమే దుకాణదారైంది, పర్మిట్ రూములు ఎత్తేసింది, ఎవరూ ఎన్నడూ వినని పేర్ల సీసాలు అరల్లో నింపింది. 2024 అక్టోబరులో 3,396 దుకాణాలు మళ్ళీ ప్రైవేటువారికి లాటరీలో దక్కాయి. తిరిగి ఇవ్వని 2 లక్షల రుసుముతో దాదాపు 90 వేల దరఖాస్తులు పడ్డాయి. అంటే ఒక్క సీసా అమ్మకముందే సుమారు 1,800 కోట్ల రూపాయలు! క్వార్టరు 99 రూపాయలకే ఇస్తామన్నది ఆ విధానంలో ప్రజలకు చెప్పిన తీపికబురు. పార్టీలు మారాయి, జెండాలు మారాయి. ఏ సీసా, ఎవరి సీసా, ఎంతకు సీసా అన్నదే మన రాజకీయమంతా.

అసలు వింత దీని తరువాత వచ్చింది. గీత కులాలకు న్యాయం చేస్తామంటూ 2025లో దుకాణాల సంఖ్యలో పదోవంతు, అంటే 300 పైచిలుకు, వారికి విడిగా కేటాయించారు. లైసెన్సు రుసుములో సగం తగ్గించారు. ఆ దుకాణాలు దక్కించుకున్న కుటుంబాల మీద నాకు ఏ కినుకా లేదు, బాగుపడనివ్వండి. కానీ ఈ న్యాయపు స్వరూపాన్ని ఒకసారి చూడండి. కల్లు గీసేవాడికి ఇచ్చిన వరం, కల్లును చంపిన సరుకును అమ్ముకునే హక్కు! పెడన అద్దకంవాళ్ళ చేతిలోంచి కొయ్యచ్చులు లాక్కుని, మీకు సూరతు చీరల కొట్టు పెట్టుకోవడానికి రాయితీ ఇస్తున్నాం, సంతోషించండి అన్నట్టు లేదూ? పైగా కొట్టు పెట్టగలిగేది పెట్టుబడి ఉన్నవాడు. మోకు నడుముకు చుట్టుకుని రోజుకు రెండుసార్లు అరవై డెబ్బయి అడుగులు ఎక్కిదిగేవాడికి ఆ లాటరీలో ఏం దక్కుతుంది? మా వైపు గీత కార్మికుడొకాయన తన కొడుకును ఎట్టి పరిస్థితుల్లోనూ చెట్టెక్కించనని నాతో అన్నాడు. పడితే నడుము విరుగుతుందన్న భయం కన్నా, చెట్టెక్కేవాడంటే ఊరికున్న చులకనే ఆయన మాటలో ఎక్కువ వినిపించింది. ఆయనతో వాదించే ధైర్యం నాకు లేకపోయింది.

ఇక ఆక్షేపణలకు వద్దాం. మొదటిది ఆడవాళ్ళ కన్నీళ్ళు. దీన్ని దాటవేసేవాడికి ఈ విషయం మీద మాట్లాడే అర్హతే లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మా ఆమె తోటివారూ లేవదీసిన పోరాటం మన చరిత్రలోని మహత్తర ఘట్టాల్లో ఒకటి. కల్లు తాగి పెళ్ళాన్ని కొట్టిన మొగుళ్ళు లేరని నేను అనను. అయితే ఆ తల్లులు తిరగబడింది దేనిమీదో గుర్తుంచుకోండి. ‘వారుణి వాహిని’ పేరుతో సర్కారే సారా ప్యాకెట్లను గడప గడపకూ తోలిన వ్యవస్థ మీద. ఇవాళ ఆ వ్యవస్థకు వారసురాలు ఏది? ఊరిచివర పాకా, లేక కిళ్ళీకొట్టు వెనక అర్ధరాత్రి కూడా క్వార్టరు దొరికే బెల్టు షాపా? నలుగురి కళ్ళముందు, తిండితో పాటు, పొద్దుగూకేసరికి అయిపోయే సరుకు తాగడానికీ, చీకట్లో ఖాళీ కడుపుతో 42.8 శాతం దింపుకోవడానికీ తేడా లేదంటారా?

రెండోది కల్తీ. నిజమే, భయంకరమైన నిజం. క్లోరల్ హైడ్రేటు, డైజిపాము, అల్ప్రాజోలాము కలిపిన నీళ్ళను కల్లుగా అమ్మే దుర్మార్గం తెలంగాణలో దశాబ్దాలుగా ఉంది. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో అది పలువురి ప్రాణాలు తీసింది. కానీ అది చెట్టుకు దూరమైన కల్లు చేసిన హత్య. చెట్లు లేని చోట వేలమందికి కల్లు పొయ్యాలంటే మందే కలపాలి. చెట్టు కనబడే దూరంలో, గీసినవాడి పేరు రాసిన పలక కింద, రోజూ పరీక్షించే సరుకు అమ్మితే కల్తీకి ఆస్కారం తగ్గుతుంది. కల్తీ పాల వార్త చదివి ఎవరూ గేదెలను నిషేధించమనరు కదా!

మూడో ఆక్షేపణ ఎవరూ పైకి అనరు. కల్లు కూలివాడిది, కులం తక్కువవాడిది అన్నది. మిగిలిన రెంటికీ జవాబు చెప్పగలను. దీనికి జవాబు లేదు, సిగ్గుపడటమే ఉంది.

పొరుగువాళ్ళు ఏం చేశారో చూద్దాం. కేరళలో కల్లు ‘షాపు’కు కప్పదుంప కోసం, ఎర్రటి చేపకూర కోసం కుటుంబాలతో సహా వెళ్ళి కూర్చుంటారు. గోవా తన జీడిమామిడి ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. హైదరాబాదులో 2023లో నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచారు. ఇక తమిళనాడు తాటిచెట్టును రాష్ట్రవృక్షం చేసుకుని, 1987 నుంచి కల్లును నిషేధించి, ప్రభుత్వ దుకాణాల్లో సీసాలు అమ్ముకుంటోంది! మనం ఎవరి దారిన పోదలిచాం? మన బందరు లడ్డుకు గుర్తింపు ఉంది, బందరు కలంకారీకి ఉంది. ఆ బందరు చుట్టూ ఇసుక దిబ్బల మీద, దివిసీమ గట్ల మీద, 1977 ఉప్పెనకు కూడా తలవంచని తాళ్ళకు మాత్రం ఏ గుర్తింపూ లేదు. వరిచేలు చెరువులైన ప్రతిచోటా గట్ల మీది తాళ్ళు కూలుతూనే ఉన్నాయి. ఒక తాడు పూతకు రావడానికి పన్నెండు నుంచి ఇరవై ఏళ్ళు పడుతుంది. నరకడానికి ఒక పూట చాలు.

నేను కోరేది పెద్ద విషయమేమీ కాదు. గీసేవాడికి సీసాల కొట్టులో వాటాతో పాటు, అంతకన్నా ముందుగా, పాక కావాలి. మంచినీళ్ళు, దీపం, మరుగుదొడ్డి ఉన్న పాక. పక్కనే ఆడవాళ్ళ సంఘం నడిపే పొయ్యి, దాని మీద మన చెరువు చేప. పొద్దున నీరా, మధ్యాహ్నం కల్లు, చీకటి పడితే తాళం. ఆడవాళ్ళ సంఘం వద్దంటే మూతపడే షరతు. చెట్టెక్కే యంత్రాలు చవకగా అందాలి, ఎక్కేవాడికి బీమా ఉండాలి. రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో నీరా మీద, తాటి ఉత్పత్తుల మీద పరిశోధన చేసే ఉద్యాన కేంద్రం మనకు ఉండనే ఉంది. అక్కడి విద్య ఇక్కడి గట్ల దాకా రావాలి. గట్టు మీది తాడు నరికితే రెండు టెంకలు పాతాలని పంచాయతీ తీర్మానించాలి. వీటిలో దేనికీ 1,800 కోట్లు అక్కర్లేదు.

తాగనివాడు తాగకుండానే ఉండనీ, వాడికి నా నమస్కారం. తాగేవాడికి మాత్రం తానేం తాగుతున్నాడో, ఎవరి చెమట తాగుతున్నాడో తెలిసి, తలెత్తుకు కూర్చునే చోటు ఒకటి ఊళ్ళో ఉండాలి. పరాయి ఊరి గాజుగ్లాసులో నురగను చూసి కవిత్వం చెప్పే మిత్రులారా, మీ ఊళ్ళో చెట్టెక్కే మనిషి ఇంకా ఒకడు మిగిలి ఉంటే, ముందు వెళ్ళి ఆయన పేరు కనుక్కోండి.