ఓడ కనిపించని ఓడరేవు బస్సు

విశాఖపట్నం చూపిస్తామని టికెట్టు కొట్టి, విశాఖపట్నాన్నే దాచిపెట్టే బస్సు ఒకటి బీచ్ రోడ్డు మీద తిరుగుతోంది. 2025 ఆగస్టు 29న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ప్రారంభించిన ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్ అది. ఎక్కడ కావాలంటే అక్కడ దిగి, తరవాతి బస్సు ఎక్కొచ్చు. టికెట్టు 500 రూపాయలు, అందులో సగం ప్రభుత్వమే భరిస్తుందని ఆ రోజే ప్రకటించారు. 250 పెడితే 24 గంటలు తిరగొచ్చు. బస్సు మంచిదే. పొగ లేదు, మోత లేదు, పైఅంతస్తులో గాలి బ్రహ్మాండం. నా తగాదా అంతా అది పోయే దారితోనే.

ఆ దారి ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ దాకా పదహారు కిలోమీటర్లు. కురుసుర జలాంతర్గామి, తెన్నేటి పార్కు, కైలాసగిరి, రుషికొండ, చివర బౌద్ధ విహారం. మొత్తం ఉత్తరానికే. ఓడరేవు దక్షిణాన ఉంది. అంటే మొదటి స్టాపులోనే ఈ బస్సు రేవుకు వీపు తిప్పేస్తుంది. పెళ్లికి పోయి పందిరి చూసి, భోంచేయకుండా తిరిగొచ్చినట్టుంది వ్యవహారం! పోనీ, ఉత్తరానికే పోతాం అంటారా, డచ్చివాళ్ల పాత రేవు భీమిలి దాకానైనా పోరు. ముందే ఆగిపోతారు.

నేను ధర్మపురి జిల్లా వెల్లిచందై వాణ్ని. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, చుట్టూ ఎటు చూసినా నేల. తెలుగువాళ్ల పెద్ద ఓడరేవు ఎలా ఉంటుందో చూద్దామని అంత దూరం పోయినవాడికి ఇసక చూపిస్తే సరిపోతుందా? ఇసక మాకు కావేరి ఒడ్డునా ఉంది.

అసలు ఆ ఊరికి బతుకు ఇచ్చింది ఏది? 1933కు ముందు ఓడలు సముద్రంలోనే లంగరు వేసేవి, మసూలా పడవల్లో మనుషుల్నీ సరుకునూ అలల మీదుగా దాటించేవారు. ఉత్తరాంధ్ర కూలీలు రంగూన్ స్టీమరు ఎక్కింది ఈ తీరం నుంచే. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజం బయటికి పోవడానికి రేవు కావాల్సి వచ్చి, చిత్తడి నేలను తవ్వి లోపలి హార్బరు కట్టారు. ఇసక మేట వేసి దారి పూడిపోకుండా రెండు పాత ఓడల్నే నీళ్లలో ముంచి అడ్డుకట్టగా నిలిపారు. ఓడల్ని ముంచి ఓడలకు దారి చేసిన ఊరయ్యా ఇది! 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ ఓడ లోపలికి వచ్చింది. ఆ పక్కనే సింధియా ఓడల కంపెనీ వాళ్లు 1941లో షిప్‌యార్డు మొదలుపెడితే, 1948 మార్చి 14న అక్కడ కట్టిన ‘జల ఉష’ ఓడను నెహ్రూ నీళ్లలోకి దించాడు. ఈ కథలో ఒక్క ముక్కయినా ఆ పదహారు కిలోమీటర్లలో కనిపిస్తుందా?

జనానికి ఓడల మీద ఆసక్తి లేదని మాత్రం చెప్పకండి. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ సరుకు ఓడ ‘మా’ తుపాను గాలికి కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీద ఎక్కితే, ఊరు ఊరంతా సెల్‌ఫోన్లు పట్టుకుని పరిగెత్తింది. దారి తప్పిన ఓడకే అంత జనం వస్తే, తిన్నగా వచ్చే ఓడను చూపించడానికి ఎందుకు బద్ధకం?

ఇక్కడ ఒక పెద్దమనిషి లేచి బార్సిలోనా పేరు ఎత్తుతాడు. ఎత్తనివ్వండి, మంచిదే. మధ్యధరా సముద్రపు ఆ రేవు పట్నంలో టూరిస్టు బస్సు 1987 నుంచి నడుస్తోంది. యాత్రికుల తాకిడి మీద కోపంతో 2017లో నిరసనకారులు దాన్ని ఆపి టైర్లు కోశారు. 2024 జులైలో వీధి హోటళ్లలో కూర్చున్న యాత్రికుల మీద నీళ్ల తుపాకులు పేల్చారు. పార్క్ గ్వెల్ దారిలో పోయే 116 నంబరు చిన్న సిటీ బస్సులో యాత్రికులే నిండిపోయి పేటలోని ముసలివాళ్లకు చోటు దొరక్కపోతే, ఆ రూటును గూగుల్ మ్యాప్స్‌లో కనపడకుండా తీయించింది అక్కడి నగరపాలక సంస్థ. చూశారా, పాత పేటల్లోకి బస్సు పంపితే ఇదే గతి, అంటాడు పెద్దమనిషి. కాదు సార్. అక్కడ జనానికి కడుపు మండింది అద్దెలకు. ఇళ్లన్నీ యాత్రికుల బసలైపోతే ఊరివాడు ఎక్కడ ఉండాలి? అందుకే 2028 నవంబరు కల్లా టూరిస్టు అద్దె ఫ్లాట్ల లైసెన్సులన్నీ ఎత్తేస్తామని అక్కడి మేయరు ప్రకటించాడు. ఆ జబ్బుకు మందు ఇళ్ల లైసెన్సుల దగ్గర ఉంది. బస్సును రుషికొండ రిసార్టుల వైపు మళ్లిస్తే ఆ జబ్బు తగ్గుతుందా, ఇంకా ముదురుతుందా?

మా జిల్లాలో హొగెనకల్ జలపాతం ఉంది. ఆదివారం వస్తే బెంగుళూరు బళ్లతో రోడ్డు కదలదు. చెత్తకూ రద్దీకీ తక్కువేం లేదు, నేనేమీ వెనకేసుకు రావడం లేదు. కానీ అక్కడ జలపాతం దగ్గరికి పోవాలంటే పుట్టి ఎక్కాలి, పుట్టి ఎక్కితే తెడ్డు వేసేవాడి ఎదుట కూర్చోవాలి. వాడి అరచేతుల కాయలు కనిపిస్తాయి. సుడి ఎక్కడుందో వాడు చెబితేనే తెలుస్తుంది. ఒడ్డున చేప కొనిస్తే మసాలా పట్టించి వేయించి పెట్టే ఆడవాళ్లు, ఒళ్లంతా నూనె మర్దనా చేసే మగవాళ్లు. యాత్రికుడి నోటు వాళ్ల చేతిలోనే పడుతుంది. డబుల్ డెక్కరు పైఅంతస్తు నుంచి ఎవరి చేయి కనిపిస్తుంది?

విశాఖ చేపల రేవులో తెల్లవారుజామున నిలబడండి. మరపడవ జెట్టీకి ఆనుకోగానే మంచు కలిపిన చేపలు గంపల్లో పైకి వస్తాయి. వంజరం ఒక కుప్ప, చందువా ఒక కుప్ప. వేలం వేసేవాడు రేటు అరుస్తుంటే చీర ఎగదోపుకున్న ఆడవాళ్లు అంతకన్నా గట్టిగా అరిచి దాన్ని దించుతారు. కాసేపట్లో టబ్బులు ఆటోలకెక్కి ఊరిమీద పడతాయి. 2023 నవంబరులో ఒక్క రాత్రి మంటల్లో నలభై దాకా పడవలు కాలిపోయిన రేవు ఇది. ఆ తరవాత కూడా వేటకు పోయిన మనుషులు వీళ్లు. బస్సు వీళ్ల గుమ్మంలోకి రాదు.

సందులు ఇరుకు, కరెంటు తీగలు అడ్డం, నేవీ ఆంక్షలు అంటారు. తెలుసు. డాకులోకి పంపమని ఎవరూ అడగలేదు. రాస్ హిల్ చర్చి మెట్ల మీద నిలబడితే డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి ఓడ కాలువలోకి రావడం కనిపిస్తుంది. పక్క కొండ మీద వెంకన్న గుడి, ఇంకో కొండ మీద ఇసాక్ మదీనా దర్గా, కిందికి దిగితే వన్ టౌన్, కురుపాం మార్కెట్. రెండంతస్తుల బస్సు పట్టకపోతే ఇరవై సీట్ల బండి పెట్టండి. చేపలవాళ్లుండే జాలారిపేట పిల్లలకే గైడు పని నేర్పి జీతం ఇవ్వండి. ఈ బస్సు టికెట్టులో సగం భరించే పన్ను డబ్బు నాది కాదు, నేను తమిళనాడు వాణ్ని. ఆంధ్రావాళ్లూ, అది మీది. సగం టికెట్టు మీ డబ్బు, కాబట్టి అడగాల్సిందీ మీరే.

టూరిజం శాఖవారూ, ఆర్కే బీచ్ నుంచి చేపల రేవుకు ఐదు కిలోమీటర్లు కూడా లేదు. మీరు తొట్లకొండకు రోజూ పదహారు నడుపుతున్నారు.