వేసవి పరుగుపందెములును నీళ్లబల్లయును

వేసవి సమీపించినతోడనే మన అనకాపల్లి త్రోవలు తెల్లవారకమున్నే పాదధ్వనులతో మేల్కొనును. శారదానది వంతెన మీదను, శంకరము మీదుగా బొజ్జన్నకొండకు పోవు బాటను, క్రీడామైదానము చుట్టును బాలురు, యువకులు, నడివయసువారు గుంపులుగా పరుగెత్తుచుందురు. వారిలో కొందఱు సైన్యమునందో పోలీసుశాఖయందో కొలువు గోరి 1600 మీటర్ల పరీక్షకు సాధన చేయువారు. కొందఱు మధుమేహమునకు వెఱచి వైద్యుని మాటపై వచ్చినవారు. మన పాఠశాల విద్యార్థులలో పెక్కండ్రు కేవలము ఉల్లాసముకొఱకే వత్తురు. అందులకు నేను మిక్కిలి సంతసించుచున్నాను. ఇట్టివారు కూడి పరుగుల క్లబ్బులుగా నేర్పడి సెలవులలో పందెములు పెట్టుకొనుచున్నారు. ఆ పందెములను ఆదివారమున గాక శనివారమున పెట్టినయెడల ఆరాధనకు పోవలసిన మన బాలురకు ఇరువైపుల లాగుడు తప్పును. ఇది ప్రసంగవశమున చెప్పినమాట.

నేను చెప్పదలచిన ముఖ్యవిషయ మొక్కటియే. క్లబ్బులో చేరిన మన విద్యార్థి యెవడైనను పందెమున పరుగెత్తుటకు పూర్వము ఒక పందెమున వాలంటీరుగా నీళ్లబల్లయొద్ద నిలువవలయును. నీళ్లబల్లయు, దానివెనుక మనుష్యులును లేని వేసవి పందెమునకు మన పాఠశాల పిల్లలను పంపనే కూడదు.

ఇంత పట్టుదల యేల యని చదువరు లడుగవచ్చును. కొన్ని వేసవుల క్రిందట ఈ ప్రాంతముననే యొక పందెము చూడబోయితిని. ఊరి పేరుగాని నడపినవారి పేరుగాని చెప్పను. ఆహ్వానపత్రికలో 5.30 గంటలని యున్నది. ముఖ్య అతిథి రాలేదు. పిల్లలు వరుసలో నిలుచుండిరి. 6.30 గంటలకు అతిథి వచ్చెను; పూలదండలు, జ్యోతిప్రజ్వలనము, ముగ్గురి యుపన్యాసములు. ఆరోగ్యమే మహాభాగ్యమని ముగ్గురును నొక్కి చెప్పిరి. పరుగు మొదలగుసరికి 7 గంటలు దాటినది, ఎండ చురుక్కుమనుచున్నది. మూడవ కిలోమీటరున నొక బాలుడు త్రాగినవానివలె తూలుచు బాటకు అడ్డముగా నడువసాగెను. పేరడుగగా వేఱేదో పలికెను. నీళ్లబల్ల పందెము మొదలైన చోటనే కలదు. అక్కడినుండి రెండు మైళ్లవఱకు మఱొకటి లేదు. వానిని నీడకు లాగి, తన బండిలోని నీళ్లన్నియు తలమీదను మెడమీదను కుమ్మరించినది చెఱకురసము అమ్ముకొను నొక స్త్రీ. ఆ బాలుడు బ్రదికినాడు. బహుమతి ప్రదానమున ఆమె పేరెవ్వరును తలపలేదు.

మన సముద్రతీరపు వేసవి గుణము తెలియనివారు ఉష్ణమాపకమునందలి యంకెను మాత్రమే చూచి ధైర్యపడుదురు. పరుగెత్తు దేహమునందు పుట్టు వేడిమిని చెమట ఆఱుటయే చల్లార్చును. గాలియందు తేమ నిండియున్నప్పుడు చెమట కారునేగాని ఆఱదు; అందుచే లోపలి వేడిమి లోపలనే నిలుచును. కాబట్టి ఉక్కపోతనాటి 34 డిగ్రీలు పొడిగాలినాటి 40 డిగ్రీలకంటెను పరుగువానికి కీడుచేయవచ్చును. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశమున వెయ్యిమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. వారు పందెగాండ్రు కారు. పొట్టకూటికై యెండలో తిరిగినవారు, వృద్ధులు. దేహధర్మము మాత్రము అందఱకు నొక్కటియే.

ప్రపంచఖ్యాతి గడించిన పరుగువీరులకును ఎండ వెనుదీయలేదు. 1912లో స్టాక్‌హోము ఒలింపిక్ మారథానునందు పోర్చుగలు దేశస్థుడగు ఫ్రాన్సిస్కో లజారో ఎండవేడిమికి పడిపోయి మఱునాడు మరణించెను. ఒంటికి మైనము పూసికొనుటచే చెమట వెలికి రాకపోయెనని చెప్పుదురు. అదే పందెమున జపానీయుడగు కనకురి షిజో వేడిమికి తాళలేక త్రోవప్రక్క తోటలో నొక కుటుంబమువా రిచ్చిన పానీయము త్రాగి, పందెము మానుకొని, ఎవరికిని చెప్పకయే స్వదేశమునకు పోయెను. 1967లో ఆయనను మరల పిలిపించి గీత దాటించిరి. లెక్కకు 54 సంవత్సరములు పట్టినవి! లోకము ఈ కథ చెప్పుకొని నవ్వును. ఆ తోటలో పానీయ మిచ్చినవారినిగూర్చియే నేను తలపోయుదును. నేటికాలమున సైతము 2019లో దోహా నగరమునందు స్త్రీల మారథానును అర్ధరాత్రమున ప్రారంభించినను 68 మందిలో 28 మంది ముగింపజాలకపోయిరి. 2021లో టోక్యో ఒలింపిక్సు మారథానును ఎండకు వెఱచియే ఉత్తరమున నున్న సప్పొరోకు మార్చిరి. మన చెంత విశాఖపట్టణమున నౌకాదళమువారు నడుపు మారథాను చలిదినములలోనే జరుగుచున్నది. ఆ వివేకము మెచ్చదగినది.

అట్లని వేసవిలో సాధన వలదని నేననను. క్రమముగా అలవాటు చేసినచో 10 మొదలు 14 దినములలో దేహము ఎండకు సరిపడును. చెమట ముందుగా పట్టును, దానిలో ఉప్పు తగ్గును, గుండె వేగము నెమ్మదించును. సెలవులలో మొదటి వారము మెల్లగా, తక్కువ దూరము, సూర్యోదయమునకు ముందుగా పరుగెత్తిన బాలునకు రెండవ పక్షమున తేడా తెలియును. మే నెలలో మనకు 5.25 గంటల ప్రాంతమున ప్రొద్దుపొడుచును. జ్వరము తగిలి లేచినవాడు, రాత్రి నిద్రలేనివాడు ఆనాడు ఇంట నుండుటయే శౌర్యము.

ఇక వాలంటీరు పనియన ఏమి? చాలమంది తలంచునట్లు పరుగెత్తలేనివారికి పడవేసిన పని కాదు. 2004 అక్టోబరు 2వ తేదీన లండనులోని బుషీ పార్కున పాల్ సింటన్-హ్యూయిట్ అను పరుగువాడు, దెబ్బతగిలి తాను పరుగెత్తలేని దినములలో, మిత్రులకొఱకు ఐదు కిలోమీటర్ల పరుగు నేర్పాటుచేసెను. ఆనాడు పరుగెత్తినవారు 13 మంది, వాలంటీర్లు 5గురు. పార్క్ రన్ అను పేర అది పెక్కు దేశములకు ప్రాకినది. అందు గడియారము పట్టువాడు, మలుపున నిలిచి దారి చూపువాడు ఉందురు. కట్టకడపటి మనిషి వెనుక నడచుటకే యొకడు ఏర్పడియుండును. ఈ కడపటి యుద్యోగము నాకు మిక్కిలి ప్రియము. వాడుండుటచే పందెమున ఎవ్వడును ఒంటరిగా కడపటివాడు కాడు, పడిపోయినవాడు కనబడకపోడు.

మనకిది క్రొత్తయా? నూకాంబికా జాతరకు నడచివచ్చు జనులకు వీథివీథిని చలివేంద్రము పెట్టి, తడిగుడ్డ చుట్టిన కుండలలో నీళ్లు నింపి, మజ్జిగ పోయు ఊరు మనది. చల్లనినీళ్ల గిన్నెను గూర్చి సువార్తలో నున్న మాట మన విద్యార్థు లెల్లరెఱుగుదురు. చలివేంద్రమునకు ధర్మమను పేరిచ్చిన మనము, అదే పని పందెపుబాటమీద చేయవలసివచ్చినప్పుడు నామోషీ యనుకొనుట వింత.

2016లో రియో ఒలింపిక్ మారథానునందు మన దేశపు ఓ.పి. జైషా 2 గంటల 47 నిమిషముల 19 సెకనులలో గీత దాటి సొమ్మసిల్లెను. త్రోవలో మన దేశపు బల్లలయొద్ద తనకు నీళ్లిచ్చువా రెవ్వరును లేరని యామె చెప్పినది, సమాఖ్యవారు కాదనిరి. తీర్పు చెప్పుట నా పని కాదు. అంత దూరము పరుగెత్తువానికి బల్లవెనుక నిలుచువా డెంత యవసరమో ఆ వివాదమువలననే దేశమెల్ల తెలిసికొన్నది.

నీళ్లిచ్చుటకును నేర్పు కావలయును. అరగంట పరుగునకు మంచినీళ్లే చాలును. గంటకు మించినచో లీటరు శుద్ధజలమున సమముగా నింపిన 6 చిన్నచెంచాల పంచదారయు, అరచెంచా ఉప్పును కలిపి యియ్యవచ్చును. ఈ సామాన్యద్రవమే 1971లో బంగ్లాదేశ శరణార్థుల శిబిరమున డాక్టరు దిలీప్ మహలనబీస్ చేతులలో కలరారోగులను వేలకొలది బ్రదికించినది. మన బెల్లపు పానకము కమ్మనిదే. దానియందు ఉప్పు లేదని మఱువరాదు. దాహము లేనివానిచే బలవంతముగ చెంబులకొలది త్రాగించుటయు కీడే. రక్తమునందలి ఉప్పు పలుచబడి ప్రాణముమీదికి వచ్చును. మాట తడబడువానిని, పేరు మఱచినవానిని చూచినతోడనే పరుగాపించి, నీడకు చేర్చి, దుస్తులు వదులుచేసి, తొట్టెడు చన్నీళ్లలో కూర్చుండబెట్టవలయును. తొట్టె లేనిచో నీళ్లు కుమ్మరించుచు విసరవలయును. ఒకరు 108కి కబురుచేయుచుండగా మఱొకరు ఈ పని ఆపరాదు. స్పృహలేనివాని నోట నీళ్లు పోయరాదు. పదిమంది పిల్లలకు ఇంతమాత్రము నేర్పుటకు ఒక సాయంకాలము చాలును.

తల్లిదండ్రులలో కొందఱు "మావాడు బహుమతి తెచ్చునని పంపితిమిగాని బిందెలు మోయుటకు గాదు" అందురు. వారికి నా మనవి యొకటి. ఆ నీళ్లు అందవలసినవాడు మీ కుమారుడే యైననాడు బిందె మోయువాడు పొరుగింటి బాలుడై యుండును. వాని తండ్రియు ఇట్లే యన్నచో?

మఱియొక దురాచారమును చెప్పక విడువలేను. నీళ్లబల్ల పెట్టినచోటనెల్ల బాలికలను దానివెనుక నిలిపి, బాలురను బాటమీదికి పంపుచున్నారు. ఇది సేవ నేర్పుట కాదు. ఇంటిలో జరుగు అన్యాయమునే వీథికి తెచ్చుట. విశాఖపట్టణపు బాలిక యర్రాజి జ్యోతి 2023లో బ్యాంకాకునందు 100 మీటర్ల హర్డిల్సులో ఆసియా విజేత యయ్యెను. 2025లో గుమీ నగరమున మరల గెలిచెను. నడుమ 2024లో పారిస్ ఒలింపిక్సునందు పరుగెత్తెను. ఆమెను నీళ్లబల్లయొద్దనే నిలిపియుండినచో! కావున బిందెల వంతు బాలురకు ముందు రావలెను. పేర్ల పట్టికలో ఇరువురకు సమముగా వంతులు వేయవలెను.

వచ్చు వేసవి పందెమునకు నా సూచనలు ఇవి. పరుగు 5 గంటలకు మొదలు. కిలోమీటరున కొక బల్ల, బల్లకు ముగ్గురు, నీడనొక తొట్టె. కడపటివాని వెనుక ఉపాధ్యాయుడొకడు నడువవలయును; ఆ పనికి నా పేరు వ్రాసికొనవచ్చును. ఉపన్యాసములన్నియు పరుగు ముగిసినపిమ్మట. అతిథి 6 గంటలకు విచ్చేసినచో వారిచే బహుమతు లిప్పింతము. 7 గంటలకు విచ్చేసినచో ఆ యెండకు వారికిని దాహమగును గనుక, మిగిలిన నీళ్లు వారికే యిత్తము.