హకిల్‌బెర్రీనా, పెర్సిమనా? మన గట్టు మీది తునికి చెట్టును కూడా లెక్కలోకి తీసుకోండి

హకిల్‌బెర్రీ ఆరోగ్యానికి మంచిదా, పెర్సిమన్ మంచిదా అని ఈ మధ్య వాట్సాప్‌లో తెగ అడుగుతున్నారు. అడిగేవాళ్లలో సగం మంది తినడానికి కాదు, మొక్కలు పెట్టడానికి అడుగుతున్నారు. అందుకే ఈ వీడియో చేశాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: తినాలనిపిస్తే రెండూ తినండి, కానీ మన మైదాన ప్రాంతంలో ఈ రెండింటి మీదా ఎకరం పెట్టుబడి పెట్టకండి.

ముందు తినే సంగతి. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల్లో 100 గ్రాముల జపాన్ పెర్సిమన్‌కు 70 కేలరీలు, 12.5 గ్రాముల చక్కెర, 3.6 గ్రాముల పీచు, 7.5 మిల్లీగ్రాముల సి విటమిన్ అని ఉంటుంది. హకిల్‌బెర్రీకి 37 కేలరీలు, సి విటమిన్ 3 మిల్లీగ్రాముల లోపే. అంటే షుగర్ ఉన్నవాళ్లకు హకిల్‌బెర్రీ తేలిక, కడుపు నిండేది, పీచు ఇచ్చేది పెర్సిమన్. అదే పట్టికలో జామ చూడండి, 228 మిల్లీగ్రాముల సి విటమిన్, 5.4 గ్రాముల పీచు. పెరట్లో జామచెట్టు పెట్టుకుని పెర్సిమన్ గురించి ఫోన్ చేసేవాళ్లను ఏమనాలో నాకైతే తెలియదు!

హకిల్‌బెర్రీకి ఆ ఊదా రంగునిచ్చే ఆంథోసయనిన్లు మన నేరేడులోనూ దండిగా ఉంటాయి. పెర్సిమన్ నారింజ రంగు కెరోటిన్ జాతి పదార్థాల వల్ల వస్తుంది. మామిడి, బొప్పాయి రంగు కూడా అంతే.

పెర్సిమన్ తినేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఫుయు రకం గట్టిగా ఉండగానే కోసి తినొచ్చు. హచియా రకం మాత్రం టమాటా కంటే మెత్తబడేదాకా ఆగాల్సిందే. లేకపోతే నాలుక పట్టేసే వగరు. ఆ వగరు, అంటే టానిన్, ఖాళీ కడుపులో ఎక్కువగా పడితే పొట్టలో గడ్డ కట్టిన కేసులు వైద్య పుస్తకాల్లో ఉన్నాయి. పచ్చికాయను అరటిపండుతో కలిపి బియ్యం డబ్బాలో పెడితే మెత్తబడుతుంది.

ఇక పెట్టే సంగతి. అసలైన హకిల్‌బెర్రీ అమెరికాలో ఐడహో, మోంటానా, వాషింగ్టన్ కొండల్లో దానంతట అది పెరిగే పొద. బాగా ఆమ్ల గుణం ఉన్న నేల, మంచు పడే చలికాలం కావాలి. అక్కడ కూడా చాలావరకు అడవికెళ్లి కోసుకొచ్చేదే. అలాంటిది మన నల్లరేగడిలో ఎంత జీవామృతం పోసినా రాదు.

మరి ఆన్‌లైన్‌లో ప్యాకెట్లలో అమ్మే హకిల్‌బెర్రీ విత్తనాలు ఏంటంటారా? చాలావరకు తోట హకిల్‌బెర్రీ అనే వంగ కుటుంబం మొక్క. మన చేలల్లో కలుపుగా వచ్చే కామంచికి దగ్గరి చుట్టం. మా పక్క ఊరి అన్న ఒకాయన ప్యాకెట్ తెప్పించి, నారు పోసి, నీళ్లు కట్టి పెంచాడు. కాయలు చూసిన వాళ్లమ్మ "ఇదేందిరా, కామంచి పెంచావు" అంది. వీటి పచ్చికాయలు విషం, పిల్లల దగ్గర జాగ్రత్త.

పెర్సిమన్ అంత మోసం కాదు. హిమాచల్‌లో కులూ వైపు జపానీ ఫల్ అని పండిస్తారు, కశ్మీర్‌లో ఉంది, దక్షిణాన కూనూరు వైపు కూడా ఉంది. ఆకు రాల్చి నిద్రపోయేంత చలి దానికి కావాలి. లంబసింగి, అరకు వైపు వాళ్లు సరదాకి రెండు మొక్కలు పెట్టి చూడొచ్చు. ఖమ్మంలో, గుంటూరులో వద్దు.

ఇప్పుడు అసలు విషయం. పెర్సిమన్ డయోస్పైరోస్ అనే ప్రజాతి చెట్టు. మన తునికి కూడా అదే ప్రజాతి! వీడియోలో తునికి పండు క్లిప్పు వేసవిలో తీసి దాచుకున్నది. పండు నెత్తిన ఆ టోపీ చూడండి, పెర్సిమన్ టోపీ చూడండి. పచ్చిగా ఉంటే అదే వగరు, మాగితే పసుపు గుజ్జు, సపోటా లాంటి తీపి. గింజలు ఎక్కువ, గుజ్జు తక్కువ, ఒప్పుకుంటా. ఎక్కువ రోజులు నిలవదు కూడా. కోయ, గోండు ఆడవాళ్లు సంతలో కుప్పలు పోసి అమ్ముతుంటే మనం బేరమాడతాం. పెర్సిమన్‌ను మాత్రం స్టిక్కర్ చూసి కాయ లెక్కన కొంటాం. ఇది నాకు మింగుడు పడదు.

మనకు తునికి అంటే బీడీ ఆకే. లేత ఆకు కోసం ఎండాకాలం ముందు పొదల్ని కొట్టేస్తారు, 50 ఆకుల కట్టలు కట్టి కల్లానికి వేస్తారు. కొట్టిన పొద ఆకు ఇస్తుంది, పండు ఇవ్వదు. చెట్టుగా ఎదగనిస్తేనే పండు. ఆకు కూలి మీద బతికే కుటుంబాలున్నాయి కాబట్టి అన్నీ వదిలేయమనను. మన సొంత గట్టు మీద ఉన్నవి రెండు మూడు ఎదగనిద్దాం అంటున్నా.

వాషింగ్టన్ రాష్ట్రంలో 1932లో అటవీ అధికారి, యాకమా తెగ పెద్ద చేతులు కలిపి ఒప్పుకుని, హకిల్‌బెర్రీ పొదలున్న కొంత అడవిని ఆ తెగవాళ్లు కోసుకోవడానికే ఉంచారు. పండు విలువ తెలిసినవాళ్లు ముందు చెట్టును, కోసే హక్కును కాపాడుకున్నారు.

పెట్టాలనుకునేవాళ్లకు రెండు మాటలు. తునికికి తల్లివేరు లోతుగా పోతుంది, పీకి నాటితే బతకడం కష్టం. వేరు పిలకలు బాగా వస్తాయి కాబట్టి ఉన్నచోటే మంచి పిలక ఒకటి ఉంచి మిగతావి తీసేయండి. మగ చెట్టు, ఆడ చెట్టు వేరువేరు. పూత వచ్చి కాయ నిలవని చెట్టు కనిపిస్తే పనికిరాదని నరక్కండి, అది మగది అయ్యుండొచ్చు. దాని వల్లే పక్క చెట్టుకు కాయ పడుతుంది.