అన్నీ "గ్యాస్" కాదు



తెనాలి, రేపల్లె, బాపట్ల వైపుల నుండి ఓ.పి.కి వచ్చేవారిలో చాలామంది నోట మొదట వచ్చే మాట "గ్యాసండీ". ఛాతీ బరువెక్కినా గ్యాసే, నిద్ర పట్టకపోయినా గ్యాసే, కాళ్ళు తిమ్మిరెక్కినా గ్యాసే. మందుల షాపులో మాత్రలు కొనుక్కొని ఏళ్ళ తరబడి పరగడుపున వేసుకుంటారు. ఈ అలవాటు మానుకోవాలని నా అభిప్రాయం.

కడుపుకూ మెదడుకూ సంబంధం ఉన్నమాట నిజమే. కడుపు తరుక్కుపోయిందనీ, కడుపుకోత అనీ మన పెద్దలు ఊరకే అనలేదు. పేగుల గోడల్లో కోట్లాది నరకణాలున్నాయి. వేగస్ అనే నరం పేగుల కబురు మెదడుకు, మెదడు కబురు పేగులకు చేరవేస్తుంది. అందుకే పరీక్ష రోజున పిల్లలకు విరేచనాలవుతాయి. అప్పుల బాధ, ఇంట్లో తగాదాలు ఉన్నవారిలో కొందరికి పరీక్షలన్నీ బాగున్నా కడుపుబ్బరం తగ్గదు. అది నటన కాదు, విశ్వాసం తక్కువై వచ్చిందీ కాదు. 1 రాజులు 19వ అధ్యాయంలో ఏలీయా చావు కోరుకొని పడుకున్నప్పుడు దేవదూత నిందించలేదు. లేపి, రొట్టె, నీళ్ళు చూపించి తినమన్నాడు. మనమూ అలాంటివారి గోడు ముందు వినాలి, తర్వాత డాక్టరుకు చూపించాలి.

పేగు చెడితే నరాలూ చెడతాయి. మాంసం, చేపలు, గ్రుడ్లు, పాలలో ఉండే బి12 విటమిన్ ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం, ఆరోగ్యమైన చిన్నపేగు రెండూ కావాలి. ఆమ్లం తగ్గించే మాత్రలు గాని, షుగరుకు మెట్‌ఫార్మిన్ గాని చాలాకాలం వాడితే బి12 తగ్గవచ్చు. అరికాళ్ళ తిమ్మిర్లు, నడకలో తూలు, మతిమరుపు దాని గుర్తులు.

1895లో భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులను "స్ప్రూ" అనే పేగు జబ్బు బలిగొంది. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ యాసిడ్ ఆ జబ్బుకే మందయింది. అయితే బి12 లోపానికి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడితే రక్తం పెరిగినా నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. కాబట్టి సొంత వైద్యం వద్దు.

నా మనవి ఇది. గ్యాస్ మాత్ర రెండు వారాలకు మించి అవసరమైతే డాక్టరును అడగండి. తిమ్మిర్లుంటే బి12 పరీక్ష గురించి అడగండి. షుగరు మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి. నల్లని విరేచనం, రక్తపు వాంతి, ఛాతీనొప్పితో చెమటలు కనబడితే సోడా త్రాగుతూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి రండి.

ఇంట్లో ఎవరైనా "కడుపులో బాగోలేదు" అంటే, "ఏం తిన్నావు?" అని అడిగి ఊరుకోకండి. "మనసులో ఏముంది?" అని కూడా అడగండి.

— నర్సింగ్ సూపరింటెండెంట్