త్రాగి నడిపిన కారు, పెరిగిన బీమా



గత మాసమున మాకు వచ్చిన యుత్తరములలో నొకటి మమ్ము పలు దినములు కలతపెట్టినది. వ్రాసిన సోదరి తెనాలి ప్రాంతమువారు. పేరు తెలుపవలదని కోరినారు గాన తెలుపము. ఆమె కుమారుడు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఫ్రీమాంటు పట్టణమందు కంప్యూటరు ఉద్యోగములో నున్నాడు. ఒక శనివారము రాత్రి స్నేహితుని యింట విందారగించి, మద్యము సేవించి, తానే కారు నడుపుకొని వచ్చుచుండగా పోలీసువారు నిలిపి, శ్వాస పరీక్షించి, పట్టుకొనిరి. న్యాయస్థానము నేరము స్థిరపరచి శిక్ష విధించినది. దైవానుగ్రహమున నెవ్వరికిని దెబ్బ తగులలేదు.

ఇప్పటి చిక్కు బీమాది. ఉన్న కంపెనీవారు గడువు తీరిన పిమ్మట పాలసీ కొనసాగింపమనిరి. మరియొక కంపెనీవారు చెప్పిన ప్రీమియం విని కుమారుడు దిగులుపడినాడు. అతని స్నేహితుడొకడు, “కారు నా పేర వ్రాయించుము, బీమా నేను తీసికొందును, నీవు నడుపుకొనుము, నీ శిక్ష సంగతి యెవరికి తెలియును?” అని యుపాయము చెప్పినాడట. “నా గాజులమ్మి సొమ్ము పంపుదునా, లేక స్నేహితుని మాట వినుమని చెప్పుదునా?” అని ఆ తల్లి మమ్మడిగినారు.

సముద్రముల కావలి కారు సంగతి మన కేల యని కొందరనవచ్చును. కాని నేడు మన జిల్లాలలో అమెరికాలో బిడ్డలు లేని వీధి యరుదు. కావున తెలిసినంతవరకు వివరించుట మా విధి యని తలంచితిమి.

మొదట చట్టము సంగతి. రక్తములో మద్యపు పాలు నూటికి 0.08 వంతునకు చేరినచో కాలిఫోర్నియాలో నేరము. అమెరికాలోని తక్కిన రాష్ట్రములందును ప్రాయికముగా నిదియే హద్దు. యూటా రాష్ట్రమువారు మాత్రము 2018 డిసెంబరు చివర దానిని 0.05కు దించిరి. మన దేశములో హద్దు ఇంకను తక్కువ: 100 మిల్లీలీటర్ల రక్తమునకు 30 మిల్లీగ్రాములు, అనగా 0.03. కాబట్టి “అక్కడి చట్టములు మరీ కఠినములు” అని నిందించుట న్యాయము కాదు.

ఇక ప్రీమియము పెరుగుట కంపెనీవారి కోపమువలన గాదు. బీమా యనునది పదిమంది సొమ్ము ఒకచోట చేర్చి, ఆపద వచ్చినవానికి ఇచ్చు ఏర్పాటు. ఎవనివలన ఆపద వచ్చు నవకాశము హెచ్చని తోచునో వానినుండి హెచ్చు సొమ్ము గైకొందురు. కాలిఫోర్నియాలో 1988 సంవత్సరమున ప్రజలు ఓటువేసి 103వ ప్రతిపాదనను చట్టము చేసికొనిరి. దాని ప్రకారము కారు బీమా వెల నిర్ణయించుటలో మూడు విషయములు ముఖ్యములు: నడుపువాని పూర్వచరిత్ర, ఏటికి నడుపు మైళ్లు, నడుపుటలో గల సంవత్సరముల యనుభవము. మంచి నడవడి గలవారికి నూటికి 20కి తగ్గకుండ వెల తగ్గింపవలెనని కూడ అందున్నది. త్రాగి నడిపి శిక్షపడినవానికి ఆ తగ్గింపు పదియేండ్లవరకు లేదు. ఆ నేరము మోటారు వాహన శాఖవారి పుస్తకములోను పదియేండ్లుండును. ఈ నష్టము ఏ యుపాయముచేతను తప్పదు. తక్కిన రెండు విషయములలో మైళ్ల సంఖ్య మాత్రము మన చేతిలోనిది. దీనిని జ్ఞాపకముంచుకొనవలెను.

ఎస్‌ఆర్-22 అను మాట వినగానే ఆ సోదరి భయపడినారు. అది ప్రత్యేకమైన బీమా కాదు. “ఈతనికి చట్టము కోరిన బీమా కలదు” అని కంపెనీవారు ప్రభుత్వమునకు పంపు ధ్రువపత్రము మాత్రమే. దానిని పంపుటకు తీసికొను రుసుము స్వల్పము, భారమంతయు ప్రీమియములోనిది. లైసెన్సు తిరిగి పొందవలెనన్న కాలిఫోర్నియాలో ఈ పత్రము మూడేండ్లపాటు ఎడతెగక నిలిచియుండవలెను. నడుమ ఒక్క వాయిదా తప్పి పాలసీ రద్దయినచో కంపెనీవారు వెంటనే ప్రభుత్వమునకు తెలుపుదురు, లైసెన్సు మరల నిలిచిపోవును. కాన వాయిదా సొమ్ము బ్యాంకునుండి తనంతట తానే చెల్లునట్లు ఏర్పాటు చేసికొనుట మేలు. కంపెనీ మార్చవలసివచ్చినచో క్రొత్త పాలసీ ఆరంభమైన పిదపనే పాతదానిని విడువవలెను.

ఇప్పుడు స్నేహితుని యుపాయము విచారింతము. ఇది ఉపాయము కాదు, మోసము. కారు నిత్యము నడుపువాడెవడో బీమా పత్రములో నిజము చెప్పవలెను. అబద్ధము చెప్పి తీసికొన్న బీమా అక్కర పడినప్పుడు అక్కరకు రాదు. ప్రమాదము జరిగిన దినమున కంపెనీవారు విచారణ చేసి, సత్యము దాచినారని తెలిసికొని, పాలసీ మొదటినుండి చెల్లదని చెప్పుటకు అధికారము గలదు. అప్పుడు గాయపడినవాని వైద్యవ్యయము ఎవరు భరింతురు? ఆ దేశమున ఆసుపత్రి ఖర్చు సామాన్యమా? కారు ఎవరి పేర నున్నదో ఆ స్నేహితుడును ఆ వ్యవహారములో చిక్కును. మేలు చేయవచ్చినవాని కొంప ముంచి మనము సుఖపడగలమా? అదియుగాక, కుమారుని పేర ఎస్‌ఆర్-22 పత్రము లేనిచో లైసెన్సు ఎట్లు వచ్చును? లైసెన్సు లేక నడుపుట మరియొక నేరము. ఒక తప్పును కప్పుటకు నాలుగు తప్పులు చేయవలసివచ్చును.

సక్రమమైన మార్గములు లేవా? కలవు. ఒక్క అంగడిలో వెల విని చీర కొని యింటికి వచ్చు గృహిణి మనలో నుండదు. బీమాయు నట్లే. ఒకే మనిషికి, ఒకే కారునకు వేర్వేరు కంపెనీలు చెప్పు వెలలలో మిక్కిలి భేదముండును. కొన్ని కంపెనీలు ఇట్టివారిని దరిచేరనీయవు, కొన్ని ఇట్టివారికే ప్రత్యేకముగా పాలసీలిచ్చును. ఒక్క కంపెనీకి కట్టుబడక పలు కంపెనీలతో వ్యవహరించు ఏజెంటు నాశ్రయించి, శిక్ష సంగతి ముందే చెప్పి, అయిదారు చోట్ల వెల కనుగొనవలెను. దాచినందువలన లాభము లేదు. పాలసీ ఇచ్చుటకు ముందు వారు ప్రభుత్వమునుండి నడవడి పత్రము తెప్పించుకొందురు.

రెండవది, ఏది తగ్గింపదగునో, ఏది తగ్గింపరాదో తెలియవలెను. ఇతరులకు కలుగు నష్టమునకై యుండు బీమా చట్టరీత్యా తప్పనిసరి. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుండి దాని కనీస పరిమితి ఒక మనిషి గాయమునకు 30,000 డాలర్లు, ఒక ప్రమాదములో గాయపడినవారికందరికి 60,000, ఆస్తి నష్టమునకు 15,000 డాలర్లుగా పెంచబడినది. ఈ భాగమును కనీసమునకు దించి పొదుపు చేయుట వివేకము కాదని మా యభిప్రాయము. పరులకు చేసిన కీడునకు ప్రతిఫలము చెల్లించు సొమ్మది. పొదుపు చేయదగినది మన కారునకు మనము తీసికొను బీమాలో. కారు పాతదై, అప్పు తీరినదైనచో ఆ భాగమును మానుకొనవచ్చును. అప్పు మిగిలియున్నచో అప్పిచ్చినవారు మాననీయరు. అప్పుడు నష్టములో మొదట తానే భరింతునని ఒప్పుకొను మొత్తమును 500 డాలర్లనుండి 1,000కి పెంచినచో ప్రీమియము కొంత తగ్గును. అంత సొమ్ము చేతిలో నిలువయుండిననే యిట్లు చేయవలెను.

మూడవది, కారు. ఖరీదైన క్రొత్త కారు అమ్మి చిన్న పాత కారు కొన్నచో అప్పును తీరును, బీమాయు తగ్గును. ఫ్రీమాంటునకు బార్టు రైలు కలదు. ఉద్యోగమునకు రైలులో పోయి, కారు నంగడికి మాత్రము వాడినచో మైళ్లు తగ్గును. మైళ్లతో వెలయు తగ్గును. కొంతకాలము కారే వలదనుకొన్నను లైసెన్సు నిలుపుకొనుటకు “కారు లేనివాని పాలసీ” యని యొకటి యున్నది. అది సాధారణముగా చౌక; దానితోను ఎస్‌ఆర్-22 పంపవచ్చును. ఎచ్చటను బీమా దొరకనిచో ఆ రాష్ట్రమున క్యార్ప్ అను ఏర్పాటు కలదు. దానిక్రింద కంపెనీలు వంతులవారీగా ఇట్టివారిని స్వీకరింపక తప్పదు. అది చివరి ద్వారము, చౌక ద్వారము గాదు.

నాల్గవది, ఓర్పు. మొదటి నేరమునకు సాధారణముగా మూడు మాసముల శిక్షణ తరగతులకు పోవలెను. రక్తములో మద్యము 0.20 అంతకు మించినచో తొమ్మిది మాసములు. వానిని తప్పక ముగించి, మరియొక తప్పు లేకుండ నడుపుచు, ప్రతి గడువునకు మరల నాలుగు చోట్ల వెల అడుగుచుండవలెను. శిక్ష పాతబడిన కొలది కొన్ని కంపెనీల వెలలు దిగివచ్చును.

ఇందు మరియొక్క హెచ్చరిక. వీసామీద నున్నవారి విషయములో 2015 నవంబరునుండి అమెరికా విదేశాంగ శాఖవారు ఇట్టి యరెస్టు తెలిసినంతమాత్రముననే వీసా రద్దుచేయుటకు తమ కార్యాలయములకు అధికారమిచ్చిరి. అట్లయినచో దేశము విడిచినవాడు తిరిగి పోవుటకు క్రొత్త వీసాయు, వైద్యపరీక్షయు కావలసివచ్చును. కాబట్టి ఆ సోదరి “ఒకసారి వచ్చి పొమ్ము” అని కుమారుని తొందరపెట్టక, వలస చట్టములెరిగిన న్యాయవాదిని ముందడుగుమని చెప్పవలెను.

మన దేశమున నున్న బిడ్డలు గల తల్లులును ఊరకుండరాదు. 2019లో సవరించిన మోటారు చట్టముచే ఇచ్చట మొదటి తప్పునకు 10,000 రూపాయల జరిమానా గాని, ఆరు మాసములవరకు కారాగారము గాని, రెండును గాని విధింపవచ్చును. త్రాగి నడిపి కారు పగులగొట్టుకొన్నచో స్వంత కారు నష్టమునకు బీమా సొమ్ము రాదు.

ఇంతవరకు లెక్కలు చెప్పితిమి. ఇక ఆ సోదరితో నొక మాట. అమ్మా, మీ యుత్తరము మూడుమారులు చదివితిమి. కారు అను మాట పదిసార్లున్నది, సొమ్ము అను మాట అంతకంటె హెచ్చుగా నున్నది, త్రాగుడు అను మాట ఒక్కసారి మాత్రమే, అదియు “ఏదో విందులో కొంచెము” అని. మీ మనసు నొప్పించుటకు గాదు, మేమును తల్లులమే గాన చెప్పుచున్నాము. ఆ రాత్రి ఆ వీధిలో ఎవరి బిడ్డయైన నడచిపోవుచుండిన నేమగును? అప్పుడు మీరు బీమా సంగతి వ్రాసియుందురా?

ఆదిపర్వములో శుక్రాచార్యుల కథ మనమందరము విన్నదే. మృతసంజీవని యెరిగిన మహాత్ముడు మద్యపు మైకమున, తన శిష్యుడైన కచుని బూడిద కలిసిన పాత్రను తెలియక త్రావెను. తెలివి వచ్చిన పిమ్మట ఆయన నేరము పాత్ర యందించిన రాక్షసుల మీద నెట్టి యూరకుండలేదు. లోకమంతయు వినునట్లు సురాపానమును నిషేధించెను. అంతటివానికే మైకము కన్ను కప్పినది. అంతటివాడే తప్పు బయటపెట్టి సరిదిద్దుకొన్నాడు. మన బిడ్డల కింతకంటె మంచి పాఠము వేరేమి కలదు?

కాబట్టి గాజులమ్మవలదు. ఆ హెచ్చు ప్రీమియము మీ కుమారుడు తన సంపాదనలోనుండి నెలనెల చెల్లింపవలెను. చెల్లించునప్పుడెల్ల ఆ రాత్రి జ్ఞాపకము వచ్చును. అది అతనికి రక్ష. మీరు పంపవలసినది సొమ్ము గాదు, ఒక్క ప్రశ్న: “నాయనా, ఇప్పుడును త్రాగుచున్నావా?” తిట్టక, ఏడువక, అడిగి, సమాధానము పూర్తిగా వినుడు. మానలేకున్నానని చెప్పినచో వైద్యునికడకు పొమ్మనుడు. అది రోగమేగాని కులమునకు మచ్చ కాదు. మానితినని చెప్పినచో సంతోషింపుడు, మరుసటి నెలలో మరల నడుగుడు.

వచ్చిన సమాధానము మాకు వ్రాసిన సంతోషింతుము. ప్రకటింపము.